నేను వెలిగించి ఇచ్చిన కందిలి

ఆ కందిలిని వెలిగించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలికగా ఉంటుంది. చిమ్నీని బూడిదతో తోమాను. వత్తి సమంగా కత్తిరించాను. అటక మీద దాచిన సీసాలోంచి మిగిలిన గాసునూనె వంపి, అగ్గిపుల్ల గీసి, "ఇగో మామా" అని చేతికిచ్చాను. ఎవరికిచ్చాను? గ్యాసు ట్యాంకు మూత తీసి, దాని అంచున గొంతుక్కూర్చున్న మనిషికి. పైగా నేను బొగ్గుబాయి మనిషి కూతుర్ని.

నేను పుట్టి పెరిగింది మందమర్రి కాలనీలో. మా బాపు బాయిలో సర్దారు. షిఫ్టు మొదలు కాకముందే అందరికంటే ముందు లోపలికి పోయి, పని జరిగే చోట గ్యాసు ఉందో లేదో దీపంతో చూసి, ఉంటే ఒక్కరినీ అటు అడుగు పెట్టనివ్వకపోవడం ఆయన పని. ఆ దీపం మామూలు దీపం కాదు. మంట చుట్టూ సన్నటి జాలి ఉంటుంది, లోపలి మంట బయటి గాలిని అంటుకోదు. మంట మీద నీలంగా చిన్న పొర లేచిందంటే గ్యాసు ఉన్నట్టు. ఈ సంగతులు నేను బడిలో నేర్చుకోలేదు, అన్నం తింటూ నేర్చుకున్నాను. సైరన్ వేళ కాని వేళ మోగితే అవ్వ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయేది. అట్లాంటి ఇంట్లోంచి వచ్చిన నేను చేసిన పని అది.

మెట్‌పల్లి దగ్గరి ఒక ఊరికి కోడలిగా వచ్చాను. చుట్టూ పసుపు చేన్లు, మక్క చేన్లు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో మేం ముగ్గురం: నేను, అత్తమ్మ, మామ. అత్తమ్మకు ఆయాసం. పెళ్లయిన నాటి నుంచీ కట్టెల పొయ్యి ముందే కూర్చుంది మరి. జగిత్యాలలో డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంక పొగ తగిలితే ఈమె మీకు దక్కది" అని మొహం మీదే చెప్పేశాడు. మామ ఆ మాట విని బయటికి పోయి, చాలాసేపు ఆటోస్టాండులో ఒక్కడే నిలబడ్డాడు. పెళ్లాం మీద ప్రేమ ఉందని ఆయన నోటితో చెప్పగా ఎవరూ విని ఉండరు. ఆ రోజు నుంచి మాత్రం రోజుకు పదిసార్లు నాతో ఒకటే మాట: "దాన్ని పొయ్యి కాడ కూసోనియ్యకు."

ఇంట్లో సిలిండర్ లేదా అంటే ఉంది. అత్తమ్మ దాన్ని ముట్టదు. పేలుతుందట, టీవీలో చూసిందట. నేను స్టవ్ వెలిగిస్తే గడప అవతల నిలబడి, "బంద్ చేసినవా? సక్కగ బంద్ చేసినవా?" అని నా ప్రాణం తోడేసేది. నేను చేనుకు పోగానే కట్టెలు ఎగదోసేది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ, మంచం మీద ఒగరుస్తూ ఆమె. కోపంతో నేను కట్టెలన్నీ మోసుకుపోయి గడ్డివాము వెనుక దాచాను ఒకసారి. ఆమె పత్తికట్టె పీక్కొచ్చి వండింది. ఇట్లాంటి మొండిమనిషిని నేనెక్కడా చూడలేదు, అద్దంలో తప్ప.

ఆ రోజుల్లోనే మహిళా సంఘం శిక్షణకు పోయినప్పుడు ఒక మాట విన్నాను. గడ్డి, చొప్ప, కూరగాయల చెత్త, ఏ ఆకు అలమైనా సరే, గాలి తగలకుండా మూసి మురగబెడితే మండే గ్యాసు వస్తుందట. పేడతో వచ్చేది నాకు తెలుసు. మేం బర్రెలను అమ్మేసి చాలా కాలమైంది. వట్టి గడ్డితోనే వస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్తే, "ఇనుపబుడ్డి లేదుగద, గడ్డేనాయె. గడ్డి ఏం పేలుతది?" అంది. నేను ఎగిరి గంతేశాను. నిజంగానే, వాకిట్లో.

ఇంటి వెనుక భూమిలో ట్యాంకు కట్టించాం. పైన గుమ్మటం, గుమ్మటం మధ్యలో మనిషి దిగేంత రంధ్రం, దాని మీద సిమెంటు బిళ్ల, సందుల్లో బంకమట్టి మెత్తి మూశాం. ఒక పక్క నుంచి మేత వేస్తాం, ఇంకో పక్క నుంచి మురిగినది బయటికి వస్తుంది. గట్టు మీద నేపియర్ గడ్డి పెంచి, కోత మిషన్లో ముక్కలు చేసి, నీళ్లలో నానబెట్టి పోశాం. పాలకు తోడు వేసినట్టు మొదట ఒక్కసారి పక్క ఊరి పేడగ్యాసు ట్యాంకు నుంచి నాలుగు డ్రమ్ముల తోడు తెచ్చి కలిపాం. కంటికి కనబడని జీవాలు అందులో ఉంటాయి, గడ్డిని తినేసి గ్యాసు వదిలేది అవే అని శిక్షణలో చెప్పారు. మొదట వచ్చిన గ్యాసు వెలగలేదు. మామ నన్ను చూసి నవ్వాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున పుల్ల గీస్తే భగ్గున నీలం మంట లేచింది. పొగ లేదు, గిన్నెకు మసి లేదు. నాకు ఏడుపు ఆగలేదు. అత్తమ్మ ఆ మంట మీద చేయి పెట్టి చూసి, చురుక్కుమనేసరికి నన్ను తిట్టింది.

అది చూడటానికి బాపు మందమర్రి నుంచి వచ్చాడు. స్టవ్ ముందు వంగి మంటను చూసి, ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి, నా మొహం చూశాడు. "బిడ్డా, ఇది మా బాయిల గ్యాసే గద. ఉద్యోగమంత దీన్ని తప్పించుకొని బతికిన. నువ్వు ఇంటెన్క గడ్డేసి పెంచుతున్నవా?" అన్నాడు. మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. పోయేటప్పుడు, "జర పైలం" అని మాత్రం హెచ్చరించాడు.

ఏడాది పైన బాగా నడిచింది. అత్తమ్మ దగ్గు తగ్గింది. మంచం దిగి చేను గట్టు దాకా నడిచి వచ్చేది. మామ తన జన్మలో మొదటిసారి నా వంటను మెచ్చుకున్నాడు, గ్యాసును మెచ్చుకుంటూ.

తరువాత పసుపు తవ్వకాలు వచ్చాయి. పెరట్లో పెద్ద కడాయిలు పెట్టి కొమ్ములు ఉడకబెట్టే పని. దానికి కట్టెలే వాడతాం, కాబట్టి అత్తమ్మను అటు రానివ్వలేదు, ఇంటి వైపు కూర్చోబెట్టాం. ఉడకబెట్టడం అయిన నాలుగైదు రోజులకు మా స్టవ్ మంట పసుపు రంగుకు తిరిగింది. తరువాత టపటపమని ఆరిపోవడం మొదలైంది. ఆ తరువాత అసలు వెలగలేదు. గడ్డి ఎక్కువైందేమో అని మేత ఆపాను. సున్నపు నీళ్లు పోశాను. శిక్షణ ఇచ్చినాయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈలోపల అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా మళ్లీ కట్టెల పొయ్యి అంటించింది. మూడో రోజుకల్లా గోడకు ఆనుకుని కూర్చుని, మాట రాక, వేళ్లతో నీళ్లడిగింది.

మామ అది చూశాడు. తిన్న చేయి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచాడు. "అడుగున పీచు వట్టి బిగిసింది. దిగి తీస్త," అన్నాడు. ఊళ్లో నీళ్ల బాయిల పూడిక తీయడంలో మామను మించినవాడు లేడు. ఎండిన బాయి, పాడుబడ్డ బాయి, ఏదైనా ఆయన దిగినాకే మిగతావాళ్లు దిగుతారు. ఆయనకు ఒక పద్ధతి ఉంది, వాళ్ల నాయన నేర్పింది. మూతపడ్డ బాయిలోకి దిగేముందు వెలుగుతున్న కందిలిని తాడు కట్టి అడుగు దాకా దించుతారు. ఆరిపోతే లోపల గాలి లేదని అర్థం, ఎవరూ దిగరు. ఆరకపోతే దిగుతారు. ఆ పద్ధతి వల్ల మా ఊళ్లో ఏ బాయిలోనూ మనిషి పోలేదు. అందుకే మామ నలుగురిని పిలిచి బిళ్ల లేపించాడు, వాళ్లు చేన్లకు వెళ్లిపోయాక తాడు సవరించుకుంటూ నన్ను కేకేశాడు: "కందిలి అంటుపెట్టియ్యి పిల్లా. కందిలి దించనిది నేను కాలు పెట్ట."

ఎంత జాగ్రత్త గల మనిషి అనుకున్నాను. నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. స్టవ్ వెలగడం లేదు కాబట్టి లోపల గ్యాసు లేదని నా బుర్ర తేల్చేసింది. మా బాపు ఇంట్లో నేను తిన్న అన్నమంతా వృథా.

కందిలి ఇచ్చి వంటింట్లోకి వచ్చానో లేదో ఫోన్ మోగింది. బాపు. రోజూ సాయంత్రం చాయ్ తాగాకే చేస్తాడు. ఇది పొద్దున.

"ఏం బాపూ, పొద్దుగాల చేసినవ్?"

అటు వైపు కొంచెంసేపు మాట లేదు. తరువాత, "ఏం లేదు బిడ్డా, ఊకెనే. ఏం చేస్తుండ్రు?" అన్నాడు.

"గ్యాసు వస్తలేదు బాపూ. మామ ట్యాంకుల దిగుతుండు. మూత తీసిండ్రు, కందిలి దించి చూస్తుండు."

"కందిలి ఏడున్నది?"

"మామ చేతిల."

"అంటుకున్నదా?"

"నేనే అంటుపెట్టిచ్చిన."

నాకు బుద్ధి తెలిశాక మా బాపు నన్ను ఒక్కసారి కూడా గట్టిగా కసరలేదు. ఆ రోజు ఫోన్లోంచి వచ్చిన గొంతు ఆయనదని నాకు తెలియలేదు. "ఉరుకు! కందిలి దూరం కొంచపో! ఆడ ఆర్పకు, చిమ్నీ లేపకు, ముందు దూరం కొంచపో! ఫోన్ ఆడనే పెట్టు, ఉరుకు!"

ఫోన్ బియ్యం డబ్బా మీద పడేసి పరుగెత్తాను. మామ రంధ్రం అంచున ఒక మోకాలు ఆనించి ఉన్నాడు. కందిలి తాడు చివర వేలాడుతోంది, రంధ్రానికి జానెడు పైన. పట్టపగలు కాబట్టి దాని మంట సరిగ్గా కనబడటం కూడా లేదు. "మామా తియ్యి! తియ్యి!" అని అరిచాను. అత్తమ్మకే ఏదో అయిందనుకుని ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు, తాడు చేతికి చుట్టుకుని. లేవబట్టి కందిలి కూడా పైకి లేచింది. నేను దాన్ని తాడుతో సహా లాక్కుని, గాలికి ఎదురుగా, మక్కచేను దాకా పరుగెత్తాను. వేళ్లు కాలాయని తరువాత తెలిసింది. అక్కడ వత్తి దించి ఆర్పి, గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాను.

తిరిగొచ్చేసరికి మామ కోపంతో ఊగిపోతున్నాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? కందిలి ఏం చేసింది నిన్ను?"

"పేలుతది మామా. బాపు చెప్పిండు."

"గడ్డి పేలుతదా?" అన్నాడు. అత్తమ్మ మాటే. తరువాత పంచె ఎగగట్టి, "సరే, కందిలి వద్దంటే వద్దు. ఊకెనే దిగుత. అది ఆడ ఊపిరాడక సస్తుంటే నేను ఈడ నిలవడి సూడన్నా?" అని ఒక కాలు రంధ్రంలో పెట్టాడు.

నేను పోయి ఆ రంధ్రం మీద అడ్డంగా బోర్లా పడుకున్నాను. మామగారి ముందు తలెత్తి మాట్లాడని కోడలిని అని చెప్పను, నాకు ఆ పేరు ఎప్పుడూ లేదు. కానీ ఆ రోజు మాట్లాడినట్టు ఏనాడూ మాట్లాడలేదు. "నన్ను తొక్కి దిగు," అన్నాను. కింద నుంచి కుళ్లిన గుడ్ల వాసన మొహానికి కొట్టింది. మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు మూసుకుని అట్లాగే ఉన్నాను. చివరికి ఆయన కాలు తీసుకున్నాడు. ఏమేమో తిడుతూ పోయి నీళ్ల తొట్టి మీద కూర్చున్నాడు. నేను రేకు తెచ్చి రంధ్రానికి అడ్డం పెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్. వంటింట్లోకి పోయాను. కట్ కాలేదు. అంతసేపూ బాపు ఆ లైను మీదే ఉన్నాడు, మా అరుపులు దూరంగా వింటూ, ఏమైందో తెలియక.

"హలో" అన్నాను.

"అందరున్నరా?" అన్నాడు.

బాయిలో ఏదైనా జరిగినప్పుడు పైకొచ్చిన మనుషులను లెక్కపెడుతూ అడిగే మాట అది. చిన్నప్పుడు కాలనీ గేటు దగ్గర విన్నాను. మళ్లీ నా వంటింట్లో వింటానని అనుకోలేదు.

"అందరున్నం బాపూ" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నానికి మూడు బస్సులు మారి మా గడప ముందు నిలబడ్డాడు.

మామ ఆయనతో పట్టుదలకు పోయాడు. "కందిలి ఆరకపోతే గాలున్నట్టు గద బావా? మా నాయిన చెప్పిన లెక్క తప్పుతదా?"

బాపు నిదానంగా చెప్పాడు. "మీ నాయిన లెక్క బాయికి కరెక్టే బావా. కందిలి ఆరితే గాలి లేదని తెలుస్తది. కానీ ఈడ ఇంకో సంగతి ఉన్నది. అది పేలినంకనే తెలుస్తది. మా దీపానికి జాలి ఉంటది, నీ కందిలికి ఏమున్నది? పొయ్యిల మండుతలేదంటే లేనట్టు కాదు, పాడైన గ్యాసుకు గాలి కలిస్తే ఇంకా డేంజర్. పేలకపోయినా, లోపలికి దిగినోడు రెండు ఊపిర్లకే పడిపోతడు. వాణ్ని తీద్దామని ఇంకొకడు దిగుతడు. నేను సూసిన." ఎవరిని చూశాడో చెప్పలేదు. మామ ఎగగట్టిన పంచె దించుకున్నాడు.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. బాపు ట్యాంకు బయటి గుంత దగ్గర కర్రతో కలిపి చూస్తూ, "ఇదేంది, పచ్చగున్నది?" అన్నాడు. పోయి చూశాను. నురగ పసుపు పచ్చగా ఉంది. వెనుక నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది: "నేనే పోసిన."

పసుపు ఉడకబెట్టిన నీళ్లు. మామూలుగా అయితే గట్టు వెంట పారబోసేస్తాం. మేం కడాయిల దగ్గర ఉన్న ఆ మూడు రోజులూ, చల్లారిన నీళ్లను ఈమె బిందెలతో మోసి ట్యాంకులో పోసింది. పసుపాకు కూడా వేసిందట. పక్కింటి ముసలామె, "మురిగిన దాని మంట మీద వండి దేవునికి ఎట్ల పెడుతున్నవే?" అన్నదట. అందుకని శుద్ధి చేసింది. గడపకు రాసేది, పిల్లల దెబ్బలకు పెట్టేది, పుట్టుక నుంచి చావు దాకా అన్నిటికీ వాడేది పసుపే కదా మరి.

"పసుపుతోని పాడయ్యేది కూడ ఉంటదా లోకంల?" అని నన్ను అడిగింది. ఆమెకు నిజంగానే తెలియదు. జీవితమంతా పసుపు పండించిన మనిషి. నాకు కోపం రావాల్సింది, రాలేదు.

"అత్తమ్మా, దెబ్బ మురగకుండ పసుపు పెడుతం గద. మురగకుండ చేసేదే అది. ఇది మురిగితేనే మనకు గ్యాసు. లోపలి జీవాలన్ని సచ్చిపోయినయ్," అన్నాను.

ఆమె ట్యాంకును చూసింది, నీళ్ల తొట్టి మీద కూర్చున్న మామను చూసింది. విషయం ఒక్కొక్కటే ఆమెకు ఎక్కుతుంటే నేను ఆ మొహాన్నే చూస్తున్నాను. "నా పసుపు నా మెడకే వచ్చిందా?" అని కింద కూర్చుండిపోయింది. ఆ తరువాత దగ్గు అందుకుంది. మామ వచ్చి ఆమె వీపు మీద చేయి వేసి రాస్తూ నిలబడ్డాడు, మా అందరి ముందే. నేనెప్పుడూ చూడనిది.

ఆ ట్యాంకులో ఎవరూ దిగలేదు. బాపు చుట్టూ ముళ్లకంప పెట్టించి, బిళ్ల తీసే ఉంచి, రోజుల తరబడి గాలికి వదిలేయించాడు. తరువాత పొడుగాటి వెదురుకు బకెట్ కట్టి పై నుంచే తోడి, చేనుకు పోశాం. ఆ చుట్టుపక్కల బీడీ కూడా తాగనివ్వలేదు. మళ్లీ గడ్డి, మళ్లీ పక్క ఊరి తోడు. అన్నాళ్లూ నేను సిలిండర్ మీదే వండాను. అత్తమ్మ ఒక్కసారి కూడా "బంద్ చేసినవా" అనలేదు. అనకపోతే నాకే భయమేసింది.

మంట తిరిగొచ్చిన రోజు బాపును పిలిపించాం. అత్తమ్మ స్వయంగా చాయ్ పెట్టింది. నలుగురం వంటింట్లోనే కూర్చున్నాం. అప్పటికి నేను ఊరంతా ఒక కథ చెప్పుకుని తిరుగుతున్నాను: రోజూ సాయంత్రం ఫోన్ చేసే మా బాపు ఆ రోజు పొద్దున ఎందుకు చేశాడు? కన్నతండ్రి మనసుకు తెలిసిపోయింది కాబట్టి. విన్నవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ రోజు ఆయన ముందే మళ్లీ మొదలుపెట్టాను.

బాపు గ్లాసు కింద పెట్టాడు. "బిడ్డా, ఒక మాట చెప్త. మనసుల పెట్టుకోకు. ఆ పొద్దు నేను నీకు చెయ్యలే."

"మరి?"

"సిలిండర్ అయిపోయింది. బుకింగుకు చేస్తున్న. కండ్లద్దాలు లేవు. నీ నంబర్ దాని కిందనే ఉంటది. నీ గొంతు వినవడ్డంక, తప్పు ఒత్తిన అంటే బాగుండదని, ఊకెనే అన్న."

మామ తన రెండు కాళ్ల వైపు చూసుకున్నాడు, అవి ఇంకా ఉన్నాయని తేల్చుకున్నట్టు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు.

చివరికి అత్తమ్మ లేచింది. "ఎవలకు చేస్తేంది అన్నా, మాకు కలిసింది గద. ఇంకింత చాయ్ తాగు," అంది. గిన్నె పొయ్యి మీద పెట్టి అగ్గిపుల్ల గీసింది. మంట అంటుకున్నాక పుల్లను విదిలించి పక్కన పడేసింది. మేం ముగ్గురం ఆ పుల్ల వైపే చూస్తూ కూర్చున్నాం, దాని కొసన ఎరుపు పోయేదాకా.